ముహూర్తానికి ఎవరు ఊదుతారు

ధారపోసిన నీళ్ళు మోచేతుల మీద ఇంకా ఆరనేలేదు, పిల్ల అప్పుడే పరాయిదైపోయిందంటూ వెనకాల ఎవరో ముక్కు చీదుతున్నారు, అమ్మణ్ణి కూడా పక్కపీట మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, సూర్యనారాయణమూర్తికి మాత్రం ఏడుపు రావడం లేదు. రాక కాదు, ఏడవడానికి తీరిక లేదు. ఆయన చెవులు రెండూ వేదిక కింద ఎడమపక్కన వేసిన ఎర్రసోఫా దగ్గర ఉన్నాయి. ఆ సోఫాలో గంగరాజు కూర్చుని ఉన్నాడు, మెరుపుల షేర్వాణీలో, మెడ దగ్గర బిగుసుకుపోయి, చెవిలోంచి బుగ్గమీదికి వంగిన చిన్న మైకుతో. సన్నాయి ఒళ్ళో ఉంది. నోట్లో లేదు. అదీ బెంగ. ఇంకాసేపట్లో మేనమామ, చీర మార్చుకోడానికి లోపలికెళ్ళిన పిల్లని గంపలో తెస్తాడు, తెరసెల్ల పడుతుంది, జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టుకుంటారు, పెళ్ళంటే ఆ క్షణమే, మిగతాదంతా దాని ముందూ వెనకా చేసే సందడి. ఆ క్షణానికి మేళం మోగాలి. గంగరాజు తన నోటితో ఊదుతాడా, పక్కన నిలబడ్డ వాళ్ళబ్బాయి సురేష్‌బాబు రికార్డు మేళం మోగే ఆ నల్లపెట్టె మీద బొత్తాం నొక్కుతాడా? ఎవరికైనా చెబితే నవ్విపోతారు. రామచంద్రపురం అంతటిలో ఇంత పెద్ద కల్యాణమండపం ఇంకోటి లేదు, వియ్యాలవారు తణుకు నించి రెండు బస్సుల్లో దిగారు, పెళ్ళికొడుకు మణిశంకర్ బంగారంలాంటి కుర్రాడు, వంటలు వాసనలతోనే సగం ఆకలి తీర్చేస్తున్నాయి, ఇన్నుండగా పిల్ల తండ్రికి బెంగ సన్నాయి మీదట. ఉన్నది ఒక్కతే కూతురు, ఈ మేళం మళ్ళీ ఇంకోసారి మోగేది కాదు, ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు?

బొత్తామే నొక్కుతాడు, అందులో అనుమానం ఏముంది, నిన్న సాయంత్రం చెప్పేశాడుగా. ఆ చెప్పడంలో మర్యాదకి లోటు లేదు, అదే వచ్చిన చిక్కు, మర్యాద లేకుండా చెప్పినా రెండు కేకలేసి ఊరుకునేవాడు. "పంతులుగారూ, ముహూర్తానికి ట్రాక్ వేస్తామండి. పేపర్ బ్లాస్టూ, పొగా, పైనుంచి డ్రోనూ అన్నీ ఒక్కసారే పడాలి కదండి. నాన్న ఊదితే ఓ క్షణం ముందూ ఓ క్షణం వెనకా అవుతుందండి, వీడియోలో తేడా వచ్చేస్తాది." ఉమాశ్రీ అక్కడే గోరింటాకు చేతులు గాలికి పట్టుకుని నిలబడి, "అవును నాన్నా, వీడియోవాళ్ళు మరీ మరీ చెప్పారు" అంది. ఈయన "ఊఁ" అన్నాడు. అంతే. నలభై ఏళ్ళుగా ఆడపిల్లల తండ్రుల్ని ఇలా కూర్చో, అలా తిరుగు, నోరు మూసుకో అని శాసించిన పురోహితుడు, తన పిల్ల పెళ్ళికి వచ్చేసరికి ఒక్క ఊఁ దగ్గర ఆగిపోయాడు. రాత్రంతా ఆ ఊఁ గొంతులో చేపముల్లులా, శివశివ, బ్రాహ్మడి నోట్లో చేపముల్లేమిటి, ఏదో ఒక ముల్లు, అడ్డంగా పడి ఉంది. కుదరదు బాబూ అనొచ్చుగా. ముహూర్తానికి యంత్రమేమిటి అనొచ్చుగా. పిల్ల ముఖం చూసి అనలేకపోయాడు. రాజమండ్రిలో బళ్ళో లెక్కలు చెబుతుంది, ఇంట్లో గట్టిగా ఏదీ అడిగి ఎరగదు, అడిగిన ఆ ఒక్క వీడియో కాదంటే ఎలా. మరి తనకి కావలసింది? తనకేం కావాలో ఈ మండపంలో ఎవరడిగారు? గంగరాజైనా అడగలేదు.

గంగరాజు మటుకు నిన్న ఆ మాటలు జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి సన్నాయి సంచి దులుపుతూ కూర్చున్నాడు, కాదు, నిలబడే దులిపాడు. కళ్ళు కలుపుతాడేమోనని చూశాడు సూర్యనారాయణమూర్తి. కలపలేదు. అక్కణ్ణించి పట్టుకుంది అసలు భయం. సురేష్‌బాబు ఊదనివ్వడని కాదు. ఊదాలని గంగరాజుకే లేదేమో. అలిసిపోయాడేమో. కిందటి నెల ద్రాక్షారామంలో కనిపించినప్పుడు నవ్వితే ముందరి పన్ను ఒకటి లేదు. పన్ను పోతే సన్నాయి పీక పెదాల మధ్య నిలవదంటారు. అదైనా ఫరవాలేదు, ఒంట్లో శక్తి పోతే మనిషినేం అనగలం. శక్తి ఉండి, మనసే పోతే? ఇన్నాళ్ళూ తానొక్కడే విన్నాడేమో, అవతలివాడు పని చేసుకుపోయాడంతే, పెళ్ళి అయింది, తాంబూలం అందింది, సన్నాయి సంచిలో పడింది. ఆ సన్నాయి పట్టుకుని తానే ఓ బతుకంతా మురిసిపోయాడేమో.

"చేతులు ముడుచుకుంటున్నారేంటండీ?" అమ్మణ్ణి చెవి దగ్గర గొణిగింది.

"ఏం లేదు. నీళ్ళ చలి."

ఈ ఉక్కలో చలేమిటని ఆవిడ అడగలేదు. చేతులు రెండూ ఉత్తరీయం కిందికి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పొద్దుట్నించీ అలాగే దాచుకుంటున్నాడు వాటిని. ఇవాళ ఆ చేతులతో పనిలేదు, ఇవాళ మంత్రం చెప్పేది అన్నగారబ్బాయి అనంతకృష్ణ, మేళానికి సైగ చేసేదీ అతనే. సైగ కూడా కాదు, మైకులో "సురేష్‌గారూ, రెడీ" అంటాడట, ఒక్కసారి రిహార్సల్ కూడా వేసుకున్నారు పొద్దున్న, ఇంకా కాఫీలైనా అవకుండా. జీలకర్రా బెల్లానికి రిహార్సల్! వినవలసినవన్నీ వింటున్నాం.

గంగరాజు సన్నాయి మొదట విన్నది మండపేటలో, ఓ మిల్లువారింటి పెళ్ళిలో. అప్పటికి తనకి ఇరవై నిండాయో లేదో, నాన్నగారి వెనకాల దర్భలూ సమిధలూ మోసుకు తిరిగే రోజులు. ఇంటిముందు పందిరి, పందిరి బయట ధాన్యం లారీలు, ఇంజన్లు ఆపకుండా పెట్టేవారు, మంత్రమూ లారీ మోతా కలిసి చెవుల్లో పడుతుండేవి. తలంబ్రాల వేళకి ఆనందభైరవి మొదలైంది. ఎవరో తనంత వయసువాడే, సన్నగా, మీసం సరిగా రాని మనిషి, కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. లారీ మోత వినపడడం మానేసింది. లారీలు ఆపలేదు, తన చెవే ఆపేసింది. నాన్నగారు "కొబ్బరిచిప్పరా, కొబ్బరిచిప్ప" అని రెండుసార్లు అడిగి, మూడోసారి పంచపాత్ర పెట్టి మోకాలి మీద ఒక్కటిచ్చారు. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తే, రాగంతో పాటే గుర్తు. ఆ పెళ్ళి ఎవరిదో, పెళ్ళికూతురు ఎలా ఉందో ఏమీ గుర్తులేదు. ఆ తర్వాత ఎక్కడ గంగరాజు మేళమంటే అక్కడికి సైకిలు. కాలవగట్టంట తొక్కుకుంటూ, స్వామి కల్యాణాలకి, గృహప్రవేశాలకి, పిలిచినా పిలవకపోయినా. తాను పురోహితుడయ్యాక ఎవరు లగ్నం అడగడానికొచ్చినా ముందు "మేళం ఎవరిదండీ?" అనేవాడు. గంగరాజుది కాదంటే ఆ రోజు తనకి ఏదో మైల వచ్చేది, లేకపోతే నడుంనొప్పి. ఊళ్ళో వాళ్ళకి ఆ నడుంనొప్పి సంగతి తెలిసిపోయి, వాళ్ళే మేళం పేరు ముందు చెప్పి తర్వాత పిల్లవాడి పేరు చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఓ పెళ్ళిలో ఎవరో క్యాసెట్ పట్టారు. దాంట్లో పైన తన మంత్రం, అడుగున గంగరాజు. ఉమాశ్రీ ఆ క్యాసెట్ వింటూనే పెరిగింది, అన్నం తిననని మారాం చేస్తే అదే పెట్టేవారు. "మీ గొంతు మీరే వింటూ మురిసిపోతారేమిటండీ, దిష్టి తగులుతుంది" అనేది అమ్మణ్ణి. తన గొంతు ఎవడికి కావాలి. తన గొంతు ఊపిరి పీల్చుకోడానికి ఆగినప్పుడల్లా ఆ సందులోంచి గంగరాజు పైకి వచ్చేవాడు, ఆ సందుల కోసం వినేవాడు ఈయన.

మేళానికి చెయ్యెత్తి సైగ చెయ్యడం కూడా మండపేట ప్రాంతంలోనే మొదలైంది, వేరే పెళ్ళిలో. అందరు పురోహితులూ వేళ్ళు ఆడిస్తారు, లేదా "మేళం, మేళం" అని అరుస్తారు. ఆ రోజు జనం అరుపుల్లో తన కేక వినపడక, కుడిచెయ్యి మొత్తం పైకెత్తాడు, అరచెయ్యి విప్పి. గంగరాజు అందుకున్నాడు. జీలకర్ర పెట్టడం అయింది, కానీ ఆ క్షణానే పెళ్ళికొడుకు పెదనాన్నా పెళ్ళికూతురి బాబాయీ ఏదో పాత కసి మీద వేదిక కింద కలియబడ్డారు. మేళం ఆగితే ఆ బూతులు పిల్ల చెవిన పడతాయి, శుభవేళ మొదటి మాట అదవుతుంది. అందుకే కదా గట్టిమేళం పెట్టింది పెద్దలు, తుమ్మూ, ఏడుపూ, కానిమాటా వినపడకుండా. చెయ్యి దించలేదు. గంగరాజు ఆ చేతినే చూస్తూ ఊదాడు, ఊదాడు, కళ్ళు ఎర్రబడిపోయి, మెడనరాలు ఉబ్బిపోయి, డోలువాడు మొరాయించినా తాను ఆపకుండా ఊదాడు. కలియబడ్డవాళ్ళని బయటికి లాక్కుపోయాక చెయ్యి దింపితే ఆపాడు. ఆపి, నీళ్ళు తాగి, "తవరు దింపితేనే కదండి నేను ఆపేది" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అప్పట్నించి అదే కట్టుబాటు. చెయ్యి పైనుంటే మేళం ఉంటుంది. ముహూర్తం గడియారంలో చూసేవాడు కాదు గంగరాజు, ఈ చేతిలో చూసేవాడు.

ఆ మేళం ఎక్కడ పోయింది? ఓ రోజు పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది, అందుకే పట్టుకోలేకపోయాడు. మొదట ఊరేగింపులో ఒక్క సినిమా పాట. పోనీలే, కుర్రాళ్ళు గంతులేస్తారు. తర్వాత తలంబ్రాలకి సినిమా పాట. తర్వాత కీబోర్డు వచ్చింది, దరువు కొట్టే ప్యాడ్ వచ్చింది, శ్రుతిపెట్టె పోయింది. డోలువాడికి వయసైందని మానిపించారు. తర్వాత పేరు పోయింది. గంగరాజు మేళం కాస్తా జి.ఆర్. వెడ్డింగ్ బీట్స్ అయింది, బోర్డు మీద సన్నాయి బొమ్మ పక్కన మెరుపు బొమ్మ. సురేష్‌బాబు ఓసారి ఇంటికొచ్చి ఫోన్లో చూపించాడు, ఎవరెవరో దేశాల్లోంచి చూశారట, గుండెల బొమ్మలు పెట్టారట. పాపం ఎంత సంబరంగా చూపించాడు. ఈయన ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాడు, ఇష్టమయ్యి అనుకున్నాడు కుర్రాడు. గంగరాజు అందులో ఎక్కడున్నాడా అని వెతికాడు. ఓచోట దరువు విరిగిన దగ్గర ఒక దమ్ము దొరికింది, వెంటనే మళ్ళీ దరువు పడి దాన్ని మింగేసింది. "ఎలా ఉందండి?" అన్నాడు కుర్రాడు. "ఇందులో మీ నాన్న లేడోయ్" అనేశాడు తాను, ఆపుకోలేక. సురేష్‌బాబు ముఖం చిన్నబుచ్చుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"మా నాన్న ఊదుతుంటే తవరు కళ్ళు మూసుకుని వినేవారండి. నేను చూసేవాణ్ణి. పెళ్ళివాళ్ళు మటుకు మమ్మల్ని చెప్పులు విడిచేచోట చాప పరిచి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు సోఫా వేస్తున్నారండి. పెళ్ళికొడుకులు వచ్చి పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు."

దానికి ఏం చెప్పగలడు? సోఫా వద్దు, చాపే మంచిదనగలడా? ఆ ఎర్రసోఫా కేసి చూసినప్పుడల్లా కోపం వస్తుంది, కోపం రాగానే సిగ్గు వస్తుంది. కుర్రాడు తప్పు చేశాడని ఎక్కడా అనలేడు. తప్పు చేసినవాడు దొరికితే మనసు కాస్త స్థిమితపడేది, ఇక్కడ అలాంటివాడెవడూ లేడు. పోయింది మటుకు పోయింది. పోయినదాని కోసం ఏడిస్తే, ఎవడి సుఖం మీదో ఏడ్చినట్టుంటుంది.

గంప వచ్చింది. బావమరిది ఆయాసపడుతూ మోసుకొచ్చాడు, పిల్ల తల వంచుకుని నవ్వాపుకుంటోంది. తెర పట్టారు. తెరకి అటు మణిశంకర్, ఇటు ఉమాశ్రీ, తమలపాకుల్లో జీలకర్రా బెల్లం ముద్దలు. అనంతకృష్ణ మంగళాష్టకాలు అందుకున్నాడు. మంచి గొంతే, వాడికి తనే నేర్పాడు. ముహూర్తం ఇంకా కొంచెంలో ఉంది, ఇదే ఆ నిలబడి ఎదురుచూసే వేళ, తాను పురోహితుడిగా ఉన్నప్పుడు ఈ వేళ గంగరాజు సన్నాయి పీకని పెదాలతో తడుపుకుని, బుగ్గలు సిద్ధం చేసుకుని, చూపు తన మీద నిలిపేవాడు. చూడొద్దనుకుంటూనే చూశాడు. గంగరాజు నేలకేసి చూస్తున్నాడు. సన్నాయి ఒళ్ళోనే ఉంది. మరి ఈ సన్నాయి ఎక్కడిది? మండపమంతా సన్నాయి మోగుతోంది. సురేష్‌బాబు కీబోర్డు మీద రెండు వేళ్ళతో వాయిస్తున్నాడు, పెట్టెలోంచి సన్నాయి గొంతే వస్తోంది, ఆనందభైరవే, ఒక్క స్వరం తప్పులేదు, ఎక్కడా ఊపిరి లేదు, ఎక్కడా మనిషి ఆగడు, కింద దరువు దబ్‌దబ్‌మని గుండెల్లో కొడుతోంది. తన కోసమే వాయిస్తున్నాడు కాబోలు, పంతులుగారికి ఇష్టమైన రాగమని, పాపం. ఈయనకేసి చూసి తలకూడా ఊపాడు, బాగుందా అన్నట్టు. మంత్రం వినపడడం లేదు. అనంతకృష్ణ పెదవులు కదులుతున్నాయంతే. వెనకాల ఫోన్లన్నీ లేచి నిలబడ్డాయి. పొగ గొట్టాల దగ్గర ఓ మనిషి వంగున్నాడు. ఇంకాసేపట్లో బొత్తాం. గంగరాజు ఎదురుగా కూర్చుని ఉండగా, తన సన్నాయి తన ఒళ్ళో ఉండగా, తన రాగాన్ని పెట్టె పాడుతుంటే వింటూ కూర్చున్నాడు, ఇదెలా భరిస్తున్నాడు, లేకపోతే భరించడానికేం లేదా, అలవాటైపోయిందా, ఒరే గంగరాజూ, ఒక్కసారి తలెత్తు, వద్దు, తగ్గించు, సురేష్‌బాబూ, కొంచెం తగ్గించు నాయనా, మంత్రమైనా వినపడనీ, కొంచెం.

తగ్గించమని చెప్పడానికే ఎత్తాడు. అమ్మణ్ణి మీద ఒట్టు. కుడిచెయ్యి ఉత్తరీయం కిందనించి ఎప్పుడు బయటికొచ్చిందో, అరచెయ్యి ఎప్పుడు విప్పుకుందో ఆయనకి తెలియదు, అది తలపైకి లేచి నిలబడ్డాక తెలిసింది. అప్పటికే గంగరాజు సోఫాలోంచి లేచాడు.

మేళం కాదది, ఇల్లు కూలినంత చప్పుడు. ఒక్క సన్నాయి, దాని మోత బుగ్గమీది మైకులో పడి మండపం పైకప్పు దాకా వెళ్ళింది. డోలు లేదు, తాళం లేదు. పన్ను లేని చోట గాలి కొంచెం చీలుతోంది, చీలిన గాలి కూడా వినపడుతోంది. సురేష్‌బాబు చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. జనానికేం తెలుసు, మేళం మోగింది కాబట్టి ముహూర్తమే అనుకుని బిలబిలా లేచారు, వందల చేతుల అక్షింతలు తెర మీదా, గంప మీదా, అనంతకృష్ణ నోట్లోనూ పడ్డాయి. వీడియోవాడు "బ్లాస్ట్ ఏదీ, బ్లాస్ట్" అని కేకలు. అనంతకృష్ణ అక్షింతలు ఉమ్మేసి మైకు పట్టుకున్నాడు. "పెట్టకండి! ఎవరూ పెట్టకండి! ఇంకా వేళ అవలేదు! బాబాయ్, చెయ్యి! చెయ్యి దించు బాబాయ్!" అమ్మణ్ణి ఎడమ మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఏవండీ, అందరూ చూస్తున్నారు." తణుకువారు నిజంగానే చూస్తున్నారు. వియ్యంకుడి నోరు తెరుచుకునే ఉంది.

దించాలి. తప్పు జరిగింది, శుభమా అని పిల్ల పెళ్ళిలో తన చేత్తోనే తప్పు జరిగింది, వెంటనే దించేయాలి. గంగరాజు తననే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రబడుతున్నాయి. ముహూర్తం కాదని అతనికి తెలియదా? ఇన్ని వేల పెళ్ళిళ్ళు ఊదినవాడికి, మంగళాష్టకాలు సగంలో ఉన్నాయని తెలియదా? తెలుసు. తెలిసే లేచాడు. ఆ చూపులో కంగారు లేదు, పొరపాటు పడ్డవాడి చూపు కాదది. ఊదాలని ఉంది వాడికి. సూర్యనారాయణమూర్తికి ఏడుపు అప్పుడొచ్చింది, పొద్దుట్నించీ రానిది, కన్యాదానానికి రానిది, తుడుచుకోడానికి వీల్లేకుండా, ఒక చెయ్యి పైనుంది, రెండో చెయ్యి అమ్మణ్ణి పట్టుకుంది.

తెర అంచు కొంచెం పక్కకి జరిగింది. ఉమాశ్రీ తండ్రి చేతికేసి చూసింది, గంగరాజు కేసి చూసింది. మణిశంకర్ తమలపాకు పట్టుకుని ఏం చెయ్యాలో తోచక, "పెట్టేయనా?" అన్నాడు.

"ఉండండి" అంది ఉమాశ్రీ. "మా నాన్న ఇంకా చెయ్యి దించలేదు."

నిజం ముహూర్తం వస్తుంది, దానికి బొత్తాం ఉంది, పొగ ఉంది, అన్నీ ఒక్కసారే పడతాయి, అవి సురేష్‌బాబువి, పడనీ. అంతదాకా ఉన్న ఈ కాస్త వేళా ఎవరికీ అక్కర్లేనిది. భుజం లాగేస్తోంది. గంగరాజు మెడనరాలు ఉబ్బి, దమ్ము విరిగి, మళ్ళీ అందుకుంది. అనంతకృష్ణ పంచాంగం పక్కన పడేసి ఈయన దగ్గరికి వస్తున్నాడు. సూర్యనారాయణమూర్తి ఎడమచెయ్యి అమ్మణ్ణి నించి విడిపించుకుని, దాంతో కుడి మోచేతిని కిందనించి పట్టుకుని నిలబెట్టాడు.